విజయ: పదము, పదార్థము

“తులసివనములో గంజాయి మొక్క” అను లోకోక్తి నెరుగని తెలుగువాడుండడు. మంచివారి నడుమ చేరిన చెడ్డవానిని చెప్పుటకు మన మీ మాట వాడుదుము. తరగతిలో లోకోక్తులు బోధించునపుడు నేనును దీనిని ఎన్నియో పర్యాయము లుదాహరించితిని. అయితే ఆ మొక్కను గురించి ఈ లోకోక్తికి మించి నాకు తెలిసినది అత్యల్పమనియు, నా తెలియనితనము ఒక ముసలితల్లి ఆసుపత్రి పాలగుటకు కొంత కారణమయ్యెననియు గ్రహించిన పిమ్మట ఈ వ్యాసము వ్రాయ బూనుకొంటిని.

ఇరువది యేండ్ల క్రిందట నావద్ద చదువుకొని, ఇప్పుడొక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడుగా ఉన్న శిష్యుడొకడు గత సంవత్సరము వేసవిలో మాయింటికి వచ్చెను. అతని చేతిలో చిన్న గాజుబుడ్డి యొకటి ఉన్నది.

“మాస్టారూ, విజయ అంటే ఏమిటండీ? మా అమ్మ మోకాళ్ల నొప్పులకని పార్సిల్లో తెప్పించాను. మొత్తం మొక్క నుంచి తీసిన సారమట. ఆయుర్వేదమే కదా, భయం లేదుగా?” అని అడిగెను.

నేను నిఘంటువులను జ్ఞప్తికి తెచ్చుకొని, విజయ యనగా గంజాయి మొక్కకు సంస్కృత వైద్యులు పెట్టిన పేరనియు, జయ, భంగ, మాదిని అనునవి దానికే పర్యాయపదములనియు చెప్పితిని. “మన పూర్వులు మందుల్లో వాడినదేనయ్యా” అనికూడ అంటిని. చెప్పినదానిలో అబద్ధము లేదు. పర్యాయపదములు చెప్పగలిగితినన్న తృప్తితో ఊరకుంటిని.

నాలుగు దినములకు అతడు ఆసుపత్రినుండి ఫోను చేసెను. డెబ్బది రెండేండ్ల తల్లికి రాత్రి భోజనమైన పిమ్మట ఐదు చుక్కలు ఇచ్చినాడట. గంట గడచినను నొప్పి తగ్గలేదు. మందు పనిచేయలేదనుకొని మరి పది చుక్కలు ఇచ్చినాడు. అర్ధరాత్రి దాటిన తరువాత ఆమెకు నోరు పిడచగట్టి, గుండె దడదడలాడి, కన్నకొడుకునే “ఎవరు బాబూ నువ్వు?” అని అడిగినది. “ఇల్లంతా నీళ్లమీద తేలుతోందిరా” అనుచు లేవబోయి పడి, కుడిచేతి మణికట్టు విరుగగొట్టుకొన్నది. ఆసుపత్రిలో వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, “ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారు?” అని. కొడుకు చెప్పగలిగిన సమాధానము, “పదిహేను చుక్కలండీ” అని. రెండవ ప్రశ్న, “ఆవిడ ఇంకేం మందులు వాడుతున్నారు?” అని. ఆమె గుండెజబ్బుకై రక్తము గడ్డకట్టకుండ చేయు మందు చాల కాలముగా వాడుచున్నది. ఆ సంగతి బుడ్డి అమ్మినవారు అడుగలేదు, కొడుకునకు తట్టలేదు, నాకు అసలే తట్టలేదు.

ఆమె కోలుకొన్నది. నేను మాత్రము ఆనాటినుండి పుస్తకములు ముందు వేసికొని కూర్చుంటిని. పదము నాకు తెలిసినది, పదార్థము తెలియలేదు. తెలిసికొన్న కొలది సంగతులను నాతోడి ఉపాధ్యాయులకును, విద్యార్థులకును విన్నవించుటయే ఈ వ్యాసమున నా పని.

మొదట ప్రాచీనుల మాటనే విచారింతము. మొక్క ఒకటే అయినను దానినుండి మనదేశమున మూడు వస్తువులు వచ్చుచున్నవి. ఆకు భంగు, ఆడమొక్క పూతకొసలు గంజాయి, మొక్కపై ఊరు జిగురు చరస్. ఈ మూడింటి బలము ఒకటి కాదు. ఆకుకంటె పూత, పూతకంటె జిగురు తీవ్రములు. ఆడపూలపై మంచుబిందువులవలె మెరయు సన్నని నూగులోని గ్రంథులయందే మందుగుణము విశేషముగా కూడియుండుట దీనికి కారణము. కావున “మొత్తము మొక్క సారము” అన్నంతనే వేరు, కాండము, గింజ అన్నియు దంచి తీసినదని భ్రమపడరాదు. మొక్కలోని మందుద్రవ్యములను ఒక్కొక్కటిగా విడదీయక, ఆల్కహాలు వంటి ద్రావకముతోగాని, మిక్కిలి ఒత్తిడికి లోనుచేసిన కార్బన్ డై ఆక్సైడుతోగాని అన్నింటిని కలిపి రాబట్టిన చిక్కని సారమని మాత్రమే ఆ మాటకు అర్థము.

శార్ఙ్గధర సంహిత ద్రవ్యములను గుణమునుబట్టి వర్గీకరించుచు “వ్యవాయి” అను ఒక వర్గమును చెప్పి, దానికి భంగను, నల్లమందును ఉదాహరణములుగా నిచ్చినది. మామూలు పదార్థము ముందు జీర్ణమై పిదప దేహమంతట వ్యాపించును. వ్యవాయి ద్రవ్యము అట్లు కాక ముందు దేహమంతట వ్యాపించి, పిదప జీర్ణమగును. ఇది దాని లక్షణము. రసశాస్త్ర గ్రంథములు విజయను ఉపవిషములలో చేర్చి, శోధన చేయనిదే వాడరాదని నియమించినవి. నీట కడుగుట, తుమ్మబెరడు కషాయములోనో ఆవుపాలలోనో ఉడికించుట, నేతితో వేయించుట మున్నగునవి ఆ శోధన పద్ధతులు. “మన పూర్వులు వాడినారు” అని ధైర్యము చెప్పువారు, వారు దానిని విషవర్గమున పెట్టి వాడినారన్న రెండవ సగమును మింగివేయుచున్నారు. ఆనాడు నేను చేసినదియు అదియే.

ఇక ఆధునిక వైద్యమున ఈ సారము ప్రవేశించినది మన గడ్డమీదనే. కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రము బోధించిన విలియం బ్రూక్ ఓషానెస్సీ అను ఐర్లండు వైద్యుడు దేశీయ వైద్యులను విచారించి, జంతువులపై పరీక్షించి, పిమ్మట రోగులకిచ్చి, 1839లో తన అనుభవములను వైద్యసభ యెదుట ప్రకటించెను. మనదేశమున తొలి తంతితీగెలు వేయించినవాడు కూడ ఈయనయే. ధనుర్వాతము, కలరా, పిచ్చికుక్క కాటు, కీళ్లవాతము మొదలగు జబ్బులలో ఆయన దీనిని వాడిచూచెను.

ఆయన వర్ణించిన రోగులలో ఒకని కథ మనకు పాఠము వంటిది. ఒక కీళ్లవాతపు రోగికి మధ్యాహ్నము రెండు గంటలకు ఒక గ్రెయిను, అనగా సుమారు 65 మిల్లీగ్రాముల జిగురు ఇచ్చిరి. నాలుగు గంటలకు అతడు మాటకారియై, పాటలు పాడి, తిండి మరికొంత తెమ్మని కేకలు వేసి, తనకు జబ్బే లేదని ప్రకటించెను. ఆరు గంటలకు నిద్రపోయెను. ఎనిమిది గంటలకు చూచునప్పటికి స్పృహ లేదు. చేతిని ఏ భంగిమలో నిలిపిన ఆ భంగిమలోనే నిలిచియుండెను. రాత్రి ఒంటిగంట వేళకు గాని తెలివి రాలేదు. రెండు గంటలకు పుచ్చుకొన్న మందు ఆరు గంటల తరువాత ఈ స్థితికి తెచ్చినది. నా శిష్యుడు ఒక్క గంటలోనే నిరాశపడి రెండవ మోతాదు ఇచ్చినాడు. ఈ కథ మాకు ముందే తెలిసియున్నయెడల ఆ మణికట్టు విరిగియుండెడిది కాదు.

ఓషానెస్సీ ద్వారా గంజాయి సారము ఆల్కహాలులో కరిగిన అరకుగా ఐరోపాకును అమెరికాకును ప్రాకి, మందుల షాపులలో చేరినది. కాని నిలువలేదు. 1932లో బ్రిటిషు ఔషధ గ్రంథమునుండియు, 1942లో అమెరికా ఔషధ గ్రంథమునుండియు దానిని తొలగించిరి. చట్టముల కట్టుబాటు ఒక కారణము. కొత్త మందులు వచ్చుట మరియొక కారణము. కాని వైద్యులను విసిగించిన కారణము కొలత కుదరకపోవుట. ఒక సీసా పనిచేయలేదు. అదే పేరుతో వచ్చిన మరియొక సీసా రోగిని మైకమున పడవేసినది. నీటిలో కరుగదు గనుక సూదిమందుగా ఇచ్చుటకు వీలు లేదు. నోటిద్వారా ఇచ్చినచో ఎప్పుడు పనిచేయునో చెప్పలేరు. మన ప్రభుత్వము 1893లో నియమించిన భారతీయ గంజాయి విచారణ సంఘము పదునొకండు వందలకు పైగా సాక్షులను విచారించి, మరుసటి సంవత్సరము నివేదిక సమర్పించినది. మితముగా వాడుటవలన సాధారణముగా హాని అల్పమనియు, అమితముగా వాడుటవలన హాని కలుగుననియు ఆ సంఘము తేల్చినది. అయితే మితమేదో చెప్పుటకు ఆనాడు ఎవరియొద్దను కొలబద్ద లేదు.

ఆ కొలబద్ద ఇరువదవ శతాబ్దమున దొరికినది. ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు రఫాయెల్ మెషూలమ్ తన సహచరులతో కలిసి 1963లో సి.బి.డి. అను ద్రవ్యముయొక్క నిర్మాణమును, 1964లో టి.హెచ్.సి. అను ద్రవ్యముయొక్క నిర్మాణమును తేల్చెను. మత్తు కలిగించునది టి.హెచ్.సి. సి.బి.డి. మత్తు నీయదు, కాని దేహముపై దానికి వేరు ప్రభావములు కలవు. ఈ జాతి ద్రవ్యములు మొక్కలో నూటికి మించి ఉన్నవి. మరియొక చిత్రమేమనగా, పచ్చిమొక్కలో టి.హెచ్.సి. చాలవరకు ఆమ్లరూపమున ఉండును. ఆ రూపమున అది మత్తు కలిగింపదు. వేడి తగిలి ఆమ్లభాగము తొలగినపుడే దానికి మత్తు గుణము వచ్చును. కావున ఒకే మొక్కనుండి ఇద్దరు తీసిన సారములు, తీసిన తీరునుబట్టియే రెండు వేరు మందులు కాగలవు.

మనదేహమున ఈ ద్రవ్యములు తగులుకొను గ్రాహకములున్నవని 1988లో తెలిసినది. ఆ గ్రాహకములు గంజాయికొరకు పుట్టినవి కావుగదా అని వెదుకగా, మన మెదడే స్వయముగా తయారుచేసికొను ఒక ద్రవ్యము 1992లో దొరికినది. దానికి శాస్త్రజ్ఞులు “ఆనందమైడ్” అని పేరు పెట్టిరి. అందలి మొదటి భాగము మన “ఆనందము” అను సంస్కృత పదమే. తెలుగు తరగతిలో తత్సమములు చెప్పునపుడు ఈ ఉదాహరణ మీయవచ్చును.

మొత్తపు సారమును కోరువారి వాదమేమి? మొక్కలోని ద్రవ్యములు ఒంటరిగా కంటె కలిసి మేలుగా పనిచేయునని వారందురు. 1998లో దీనికి “పరివార ప్రభావము” అను అర్థమిచ్చు పేరు వచ్చినది. రాజు వెంట పరివారమువలె ప్రధాన ద్రవ్యము వెంట చిన్న ద్రవ్యములు నడచునని భావము. ఈ పరివారములో సువాసన ద్రవ్యములును కలవు. అందొకటి కారియోఫిలీన్. అది మిరియములలో ఉన్నది, లవంగములలో ఉన్నది, మన పెరటి తులసిలోను ఉన్నది. తులసివనమునకును గంజాయి మొక్కకును ఇంత చుట్టరికమున్నదని మన లోకోక్తి ఎరుగదు. పరివార ప్రభావము వినుటకు సొంపుగా నున్నది; కొన్ని ప్రయోగములు దానికి అనుకూలముగా నున్నవి; కాని మనుష్యులయందు అది ఇంకను గట్టిగా రుజువు కాలేదు. ఒకవేళ నిజమైనను, పరివారము పెరిగినకొలది లెక్క పెట్టవలసినవారును పెరుగుదురు. “మొత్తము” అన్న విశేషణము “క్షేమము” అన్న పదమునకు పర్యాయము కాదు.

మొత్తపు సారమును మందుగా మార్చుట సాధ్యమా అనినచో, సాధ్యమే. బ్రిటనులో తయారై, కెనడాలో 2005లోను, బ్రిటనులో 2010లోను అనుమతి పొందిన సాటివెక్స్ దీనికి తార్కాణము. టి.హెచ్.సి. హెచ్చుగా ఉన్న మొక్కల సారమును, సి.బి.డి. హెచ్చుగా ఉన్న మొక్కల సారమును కలిపి చేసిన ఈ మందును మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల జబ్బులో కండరములు బిగిసిపోవు రోగుల నోటిలో చిమ్ముదురు. ఒక్కొక్క చిమ్ములో టి.హెచ్.సి. 2.7 మిల్లీగ్రాములు, సి.బి.డి. 2.5 మిల్లీగ్రాములు. ఏ సీసా తెరిచినను ఇంతే. రోగి ఒక్క చిమ్ముతో ఆరంభించి, వైద్యుని యెరుకలో దినదినము మెల్లగా పెంచుకొనును. దినమునకు పండ్రెండు మించరాదు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఎపిడయొలెక్స్ దీనికి భిన్నమైనది. అది మొక్కనుండి తీసి శుద్ధిచేసిన సి.బి.డి. ఒక్కటియే. పిల్లలలో వచ్చు కొన్ని మొండి మూర్ఛరోగములకు దానిని ఇత్తురు. అంత శుద్ధమైనదానిని వాడునపుడు సైతము కాలేయము చెడకుండ రక్తపరీక్షలు చేయింతురు.

ఇపుడు నా శిష్యుని బుడ్డిని ఈ కొలబద్దతో చూతము. చీటిపై “30 మిల్లీలీటర్లలో 1500 మిల్లీగ్రాముల విజయా సారము” అని ఉన్నది. ఐదవ తరగతి లెక్క: మిల్లీలీటరునకు 50 మిల్లీగ్రాములు. మిల్లీలీటరునకు సుమారు ఇరువది చుక్కలనుకొన్నచో, చుక్కకు రెండున్నర. పదిహేను చుక్కలకు 37.5 మిల్లీగ్రాములు. కాని ఇది సారము బరువు, టి.హెచ్.సి. బరువు కాదు. సారములో టి.హెచ్.సి. పదవ వంతే అయినచో ఆమె పుచ్చుకొన్నది నాలుగు మిల్లీగ్రాముల లోపు. సగమైనచో దాదాపు పందొమ్మిది, అనగా సాటివెక్స్ ఏడు చిమ్ములు ఒక్క రాత్రిలో, మున్నెన్నడు ఎరుగని ముసలిదేహమునకు. ఆ వంతు ఎంతో చీటిపై లేదు. నూనె చిక్కదనమునుబట్టియు, గొట్టపు మూతినిబట్టియు చుక్కయే మారును. మన ఛందస్సులో లఘువునకొక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. ఒక మాత్ర తప్పినచో పద్యమును కొట్టివేయు నేను, మాత్ర వ్రాయని మందును చేతులార తిరిగి ఇచ్చితిని.

వైద్యుని సలహాతో ఇట్టి సారము వాడవలసి వచ్చినవారు మొదట అడుగవలసినది టి.హెచ్.సి. ఎంత, సి.బి.డి. ఎంత, మిల్లీలీటరునకా, సీసా మొత్తమునకా అని. ఆ తడవ సరకును పరీక్షించిన పత్రము చూపుమని అడుగవలెను. 2017లో అమెరికాలో ప్రచురింపబడిన పరిశోధనలో, ఇంటర్నెట్టు ద్వారా కొనిన 84 సి.బి.డి. సరకులను పరీక్షింపగా చీటికి సరిపోయినవి 26 మాత్రమే. 18 సరకులలో టి.హెచ్.సి. కనుపించెను. ఈ మొక్క నేలలోని సీసము, కాడ్మియము వంటి లోహములను పీల్చుకొను స్వభావము కలది. సారము చిక్కబడినపుడు ఆ కల్మషములును చిక్కబడవచ్చును. సారము తీసిన ద్రావకము పూర్తిగా తొలగకున్న అదియొక విషము. 2019లో అమెరికాలో ఆవిరిగొట్టములతో పీల్చు నూనెలలో విటమిన్-ఇ ఎసిటేటు కలిపినందున ఊపిరితిత్తులు దెబ్బతిని, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలైరి లేదా మరణించిరి. వారిలో మృతులు 68 మంది.

రెండవది కాలము. పొగ నిమిషములలో పనిచేయును. కడుపులోనికి పోయినది అరగంటనుండి రెండు గంటలకు గాని ఆరంభము కాదు; నాలుగు గంటల వరకు పెరుగుచుండును; ఎనిమిది గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నిలుచును. కాలేయములో టి.హెచ్.సి. మరింత తీవ్రమైన రూపమునకు మారును. క్రొవ్వుతో కూడిన భోజనము దానిని హెచ్చుగా ఒంటబట్టించును. కావున పనిచేయలేదని మరల పోయరాదు. ఆనాడు వాహనము నడుపరాదు.

మూడవది సాంగత్యము. వార్ఫరిన్ వంటి మందులను కాలేయములో విరుగగొట్టు ఎంజైములను సి.బి.డి. అడ్డగింపగలదు, అపుడు రక్తస్రావ భయము కలుగును. మూర్ఛమందులతోను, నిద్రమందులతోను ఇట్టి చిక్కులే. మూర్ఛమందు మాని ఈ నూనె పట్టుట ప్రాణాపాయము. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, గుండెజబ్బువారు, తమకుగాని తమ కుటుంబములోగాని మతిభ్రమణ వ్యాధి ఉన్నవారు దీనికి దూరముగా నుండవలెను. ఎదుగుచున్న మెదడుకు టి.హెచ్.సి. హాని హెచ్చు. చిన్నతనమున మొదలిడి తరచుగా, తీవ్రమైన సరకు వాడువారిలో చదువు, జ్ఞాపకము దెబ్బతినుటయు, ఉన్మాదము తలయెత్తు ప్రమాదము పెరుగుటయు వైద్యులు గమనించిరి. మెదడు ఎదుగుదల ఇరువదియైదేండ్ల వరకు సాగును గనుక ఈ మాట హైస్కూలు పిల్లలకే కాదు, కళాశాల విద్యార్థులకును వర్తించును.

గింజల నూనె సంగతి వేరు. 2021లో ఆహార ప్రమాణముల సంస్థ ఈ మొక్క గింజలను, గింజల నూనెను ఆహారముగా అనుమతించినది, నూనెలో టి.హెచ్.సి. కిలోగ్రామునకు 10 మిల్లీగ్రాములు మించరాదు. దానిని చూచి సారమును కూడ వంటనూనె వంటిదని తలచువారున్నారు. రెండును ఒకే మొక్కవైనను, ఒకటి ఆహారము, రెండవది మందు.

చట్టము మాటయు చెప్పవలెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము గంజాయిని, చరస్‌ను నిషేధించినది. పూతకొసలతో కూడని ఆకును ఆ నిర్వచనమునుండి వదలి, రాష్ట్రముల ఎక్సైజు చట్టములకు విడిచినది. గంజాయి సారమును, అరకును వేరుగా పేర్కొని అదుపున పెట్టినది. ఆకుతో చేయు ఆయుర్వేద ఔషధములు సైతము ఔషధ నిబంధనలలోని విషద్రవ్యముల జాబితాక్రిందికి వచ్చును. వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడవలెనన్న హెచ్చరిక చీటిపై ఉండవలెను. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘము గంజాయిని అత్యంత కఠినమైన పట్టికనుండి తొలగించినపుడు మనదేశమును అనుకూలముగా ఓటువేసినది. వైద్య పరిశోధనకు దారి తీసిన ఆ ఓటును వీధిలో అమ్ముటకు అనుమతిగా చెప్పువారి మాట నమ్మరాదు. 2021లో విశాఖ మన్యములో పోలీసులు వేలాది ఎకరముల గంజాయి తోటలను నరికివేసిరి. మన్యపు కుర్రవాడు ఒక మూట మోసినను, అది ఇరువది కిలోలను మించినచో పదేండ్లకు తక్కువ కాని శిక్ష.

“ప్రకృతి ఇచ్చినదే కదా సార్” అని విద్యార్థి అడిగినపుడు కసరుకొనుట సమాధానము కాదు. భయపెట్టుటకై చెప్పిన అబద్ధమును పిల్లవాడు ఒకనాడు పసిగట్టును. అటుపిమ్మట మన నిజమునుకూడ నమ్మడు. ప్రకృతి ఉమ్మెత్తను కూడ ఇచ్చినది. మందగుటయు, విషమగుటయు మోతాదునుబట్టి, పుచ్చుకొనువానినిబట్టి, తయారుచేసినవాని నిజాయితీనిబట్టి ఉండునని నిదానముగా చెప్పినచో వినును.

మొన్న నేను ఆ యింటికి పోతిని. ఆమె చేయి అతికినది గాని, చెంబు ఎత్తినపుడు ఇంకను వణకుచున్నది. కొడుకు తన ఐదవ తరగతి పిల్లలచేత దగ్గుమందు సీసా చీటి చదివించి, చెంచాకు ఎన్ని మిల్లీగ్రాములో లెక్క కట్టించుచున్నాడని విని సంతోషించితిని. ఆమె నాకు మజ్జిగ ఇచ్చి, నిష్ఠూరము లేకుండనే, “మీరు మంచిదన్నారనే కదండీ మాస్టారుగారూ, మావాడు ధైర్యం చేశాడు” అన్నది.

నేను మంచిదని అనలేదు. పేరు మాత్రమే చెప్పితిని. కాని ఉపాధ్యాయుడు పేరు చెప్పి ఊరకున్నచో, వినువాడు మంచిదనియే అనుకొనును. ఆ మజ్జిగ త్రాగి, ఆమెను క్షమింపుమని అడిగి వచ్చితిని.